ఆ కోడ్ రాసిందెవరు?

అప్పుల యాప్ మొదలు కారు ఇంజిన్ దాకా, రేషన్ కార్డు మొదలు కోర్టు తీర్పు దాకా మన బతుకుల్ని సాఫ్ట్‌వేర్ నడిపిస్తోంది. దాన్ని రాసే చేతుల్లో తెలుగువాళ్లవి తక్కువేమీ కాదు. ఆ చేతులకు ఉండాల్సిన వృత్తి ధర్మం గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.

2020 డిసెంబరు. కరోనా దెబ్బకు ఉద్యోగాలు పోయి, జీతాలు కోతపడి జనం చేబదుళ్ల కోసం వెతుక్కుంటున్న రోజులు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసుల దగ్గరకు ఒకే తరహా ఫిర్యాదులు వరసగా వచ్చాయి. ఫోన్లో ఓ యాప్ వేసుకుంటే నిమిషాల్లో ఖాతాలో డబ్బు పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు పేరుతో అందులోంచి ముందే కొంత కోసేసుకుంటారు. వారం తిరిగేసరికి మొత్తం కట్టాలి. కట్టలేకపోతే ఫోన్లు మొదలవుతాయి. అప్పు తీసుకున్నవాళ్లతో ఆగరు. వాళ్ల ఫోన్లో నంబరున్న ఎవర్నీ వదలరు. అత్తగారికి చేస్తారు, ఆఫీసులో బాసుకు చేస్తారు, ఎప్పుడో కలిసి చదువుకున్న స్నేహితురాలికీ చేస్తారు. ఫొటో పెట్టి దొంగ అని ముద్రవేసి వాట్సప్ గ్రూపుల్లో తిప్పుతారు. ఆ అవమానం తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారిలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా ఉన్నారు.

పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. నిర్వాహకుల్ని అరెస్టు చేశారు. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్లోని కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాల జోలికి పోకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఇదంతా అవసరమే. అయితే, ఆ యాప్‌లను తయారుచేసినవాళ్ల గురించి మాత్రం పెద్దగా చర్చ జరగలేదు.

ఆండ్రాయిడ్ యాప్ ఏదైనా మన కాంటాక్టులు చదవాలంటే, అనుమతుల ఫైల్లో అందుకోసం విడిగా ఒక లైను రాయాలి. చదివిన జాబితాను సర్వర్‌కు పంపడానికి ఇంకొంత కోడ్ కావాలి. బాకీ గడువు దాటగానే ఆ నంబర్లు కాలర్ల చేతికి అందేలా ఏర్పాటు చేయాలి. వీటిలో ఏదీ దానంతటదే పుట్టదు. ఒకరు కూర్చుని రాశారు. ఒకరు టెస్ట్ చేశారు. ఒకరు చూసి ఓకే చేశారు. అప్పు ఇవ్వడానికి అత్తగారి నంబరు ఎందుకని అడగాల్సిన చోటు అదే. అక్కడ దాటిపోయిన ప్రశ్న చివరికి పోలీస్ స్టేషన్‌కు, కొన్ని ఇళ్లలో శ్మశానానికి చేరింది.

ముక్కలైన పని, ముక్కలైన బాధ్యత

వృత్తి ధర్మం తప్పడం అంటే లంచం, దొంగతనం, మోసం లాంటివి గుర్తొస్తాయి. ఐటీలో తప్పు అంత స్పష్టమైన రూపంలో ఎదురుపడదు. టికెట్లుగా విడిపోయి వస్తుంది. ఒకరికి డేటాబేస్‌లో ఒక కాలమ్ చేర్చే పని, ఇంకొకరికి ఒక బటన్ రంగు మార్చే పని, మరొకరికి ఒక రిపోర్టులో ఒక వరస తీసేసే పని పడుతుంది. విడివిడిగా చూస్తే దేనిలోనూ తప్పు కనపడదు. అన్నీ కలిస్తే ఏమవుతుందో చూసే తీరిక ఎవరికీ ఉండదు. రెండు వారాల స్ప్రింట్, రోజూ పొద్దున్నే స్టాండప్, అర్ధరాత్రి క్లయింట్ కాల్, ఏడాది చివర రేటింగ్. వీటి మధ్య 'ఇది ఎవరి మీద పనిచేస్తుంది?' అన్న ఆలోచన పక్కకు పోతుంది.

ఓ మామూలు గురువారం సాయంత్రం ఎలా ఉంటుందో చూడండి. శనివారం గో-లైవ్, అంటే సాఫ్ట్‌వేర్ జనం వాడకంలోకి వెళ్లే రోజు. టెస్టర్ అమ్మాయికి బగ్ దొరికింది. ఒకే కస్టమర్ రెండుసార్లు బటన్ నొక్కితే డబ్బు రెండుసార్లు కోసుకుంటోంది. ఆమె దాన్ని తీవ్రమైన బగ్‌గా నమోదు చేసింది. పది నిమిషాల్లో మేనేజర్ ఆమె సీటు దగ్గరికొచ్చాడు. "ఇప్పటికి దాన్ని నోన్ ఇష్యూల్లో పెట్టమ్మా, గో-లైవ్ అయ్యాక ప్యాచ్ ఇద్దాం" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఆమె ఒక డ్రాప్‌డౌన్‌లో తీవ్రతను రెండు మెట్లు తగ్గించింది. అంతే. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరి సొమ్మూ దొంగిలించలేదు. కానీ సోమవారం పొద్దున ఎక్కడో ఒక పెన్షనర్ ఖాతాలో మందుల డబ్బు రెండుసార్లు పోతుంది. ఆయన బ్యాంకు చుట్టూ తిరుగుతాడు. ఐటీలో ధర్మసంకటం సాధారణంగా ఈ రూపంలోనే వస్తుంది. అందుకే అది వచ్చినట్టు కూడా తెలియదు.

స్టీరింగ్ తిరగని కారు

చెప్పింది చేశాను అన్న మాట కాపాడుతుందా? జర్మనీ కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ కథలో దీనికి జవాబు ఉంది.

అమెరికాలో డీజిల్ కార్లు అమ్మాలంటే పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితి దాటకూడదు. పరీక్ష ల్యాబ్‌లో జరుగుతుంది. కారును రోలర్ల మీద నిలబెట్టి, చక్రాలు తిప్పి, గొట్టంలోంచి వచ్చే పొగను కొలుస్తారు. రోడ్డు మీద నడిచే కారుకూ రోలర్ల మీద ఉన్న కారుకూ ఒక తేడా ఉంది. ల్యాబ్‌లో చక్రాలు తిరుగుతాయి గానీ స్టీరింగ్ తిరగదు. ఫోక్స్‌వ్యాగన్ ఇంజిన్ సాఫ్ట్‌వేర్ స్టీరింగ్ స్థితి, వేగం, ఇంజిన్ నడిచిన సమయం, గాలి ఒత్తిడి చూసుకుని 'ఇది పరీక్ష' అని పసిగట్టేది. వెంటనే పొగను శుద్ధిచేసే వ్యవస్థను పూర్తిగా పనిచేయించేది. రోడ్డెక్కగానే దాన్ని తగ్గించేసేది. అప్పుడు వెలువడే విషవాయువు పరిమితికి 40 రెట్ల దాకా ఉండేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015 సెప్టెంబరు 18న ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు కోటీ 10 లక్షల కార్లలో ఈ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. మోసం బయటపడటానికి దారివేసింది వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలోని ఒక చిన్న బృందం. కారు డిక్కీలో పరికరాలు పెట్టుకుని నిజమైన రోడ్ల మీద తిరిగి పొగను కొలిచారు. ఆ బృందంలో మన దేశం నుంచి చదువుకోవడానికి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఆ ఏడాది అక్టోబరులో కంపెనీ అమెరికా విభాగం అధిపతి అక్కడి పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని, ఇది కొద్దిమంది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు చేసిన పని అన్నట్టు మాట్లాడాడు. ఐటీలో పనిచేసేవారు గుర్తుంచుకోవాల్సిన ఘట్టం ఇది. గడువు పెట్టింది పైవాళ్లు, లక్ష్యం పెట్టింది పైవాళ్లు. ఇల్లు కాలినప్పుడు వేలు మాత్రం కోడ్ రాసినవాళ్ల వైపు చూపించారు. విచారణ తర్వాత పైవాళ్లు కూడా బోనెక్కారు. కానీ అమెరికాలో ఈ కేసులో మొదట జైలు శిక్ష పడింది జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీరుకే. 2017 ఆగస్టులో డెట్రాయిట్ కోర్టు ఆయనకు 40 నెలల జైలు, 2 లక్షల డాలర్ల జరిమానా విధించింది. కంపెనీ మీద విధేయతతో చేశాడే తప్ప సూత్రధారి కాదని ఆయన లాయర్లు వాదించారు. ప్రాసిక్యూటర్లు అడిగిన దానికంటే న్యాయమూర్తి ఎక్కువ శిక్షే వేశారు.

మన ఊళ్లో జరిగిందే

ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ హైదరాబాద్‌ను కుదిపేసింది. కంపెనీ లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆయన అందులో రాశారు. 50 వేల మందికి పైగా ఉద్యోగులు ఒక్క పూటలో నడిరోడ్డున పడ్డట్టయింది. పెళ్లి సంబంధాలు ఆగాయి, ఇంటి లోన్లు ఆగాయి.

ఆ కథను మనం షేర్లు, భూములు, ఆడిటర్ల కథగా గుర్తుపెట్టుకున్నాం. అందులో సాఫ్ట్‌వేర్ పాత్రను మరచిపోయాం. సీబీఐ దర్యాప్తు ప్రకారం 7,561 నకిలీ ఇన్‌వాయిస్‌లు పుట్టాయి. వాటి విలువ 5,117 కోట్లు. బిల్లులు తయారుచేసే కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లో సోర్స్ కోడ్ మార్చి, 'సూపర్ యూజర్' అనే ప్రత్యేక ప్రవేశం పెట్టారు. ఆ లాగిన్‌తో కొన్ని బిల్లుల్ని మిగతా ఉద్యోగుల కంట పడకుండా దాచేవారు. ఖాతాల్లో మాత్రం అవి ఆదాయంగా కనిపించేవి. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. వారిలో ఇద్దరు ఆడిటర్లు. తర్వాత పైకోర్టు శిక్ష అమలును ఆపి బెయిల్ ఇచ్చింది.

బిల్లును దాచే బటన్ ఎందుకు కావాలి అన్నది ప్రోగ్రామింగ్ తెలిసిన ఎవరికైనా తట్టే ప్రశ్న. లేఖ రావడానికి కొన్ని వారాల ముందు, 2008 డిసెంబరులో, కంపెనీ డైరెక్టర్లలో ఒకరికి మారుపేరుతో ఒక ఈమెయిల్ వచ్చింది. లెక్కల్లో తేడాల గురించి అందులో ఉంది. సొంత పేరుతో చెప్పే ధైర్యం చాలని పరిస్థితి అక్కడ ఉందని దాన్నిబట్టే అర్థమవుతుంది. ఆ పరిస్థితిని మార్చడం కూడా వృత్తి ధర్మంలో భాగమే.

కంప్యూటర్ మాటే కోర్టు మాటైతే

పైన చెప్పినవి తెలిసి చేసిన మోసాలు. బ్రిటన్ పోస్టాఫీసులో జరిగింది ఇంకా భయపెట్టే సంగతి. అక్కడ కోడ్ మోసం చేయడానికి రాసింది కాదు. దానిలో లోపాలుండటం, ఆ సంగతి తెలిసినవాళ్లు నోరు మెదపకపోవడం చాలు, వందల కుటుంబాలు కూలిపోవడానికి.

1999 నుంచి బ్రిటన్ పోస్టాఫీసు తన శాఖల్లో హొరైజన్ అనే అకౌంటింగ్ వ్యవస్థను పెట్టింది. దాన్ని నడిపింది ఫుజిత్సు. ఊళ్లో చిన్న కొట్టు పెట్టుకుని, అందులోనే పోస్టాఫీసు కౌంటర్ నడుపుకునే సబ్ పోస్ట్‌మాస్టర్లు సాయంత్రం లెక్క చూసుకుంటే తెర మీద చూపే మొత్తానికీ సొరుగులో ఉన్న డబ్బుకీ పొంతన కుదిరేది కాదు. తేడా వందల్లో మొదలై వేల పౌండ్లకు పెరిగేది. ఒప్పందం ప్రకారం ఆ తేడాను వాళ్లే పూడ్చాలి. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వచ్చిందన్న జవాబు చాలామందికి దొరికింది. ఇల్లు తాకట్టు పెట్టి కట్టినవాళ్లున్నారు. చుట్టాల దగ్గర చేబదులు తెచ్చి కట్టినవాళ్లున్నారు. కట్టలేనివాళ్లు దొంగలయ్యారు. 1999-2015 మధ్య 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి.

సర్రేలోని వెస్ట్ బైఫ్లీట్‌లో పోస్టాఫీసు నడిపిన సీమా మిశ్రా భారత సంతతి మహిళ. 74 వేల పౌండ్లు దొంగిలించిందని ఆమె మీద కేసు. 2010 నవంబరులో కోర్టు 15 నెలల జైలు వేసింది. అప్పటికి ఆమె గర్భవతి. ఆ రోజు ఆమె కొడుకు పదో పుట్టినరోజు. కడుపులో బిడ్డ లేకపోతే ఆరోజే చచ్చిపోయేదాన్నని ఆమె తర్వాత చెప్పుకుంది. పదేళ్ల తర్వాత, 2021 ఏప్రిల్‌లో, అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు రద్దుచేసింది. వారిలో ఆమె ఒకరు.

ఇంతకాలం ఎందుకు పట్టింది? కంప్యూటర్ సాక్ష్యం కోర్టులో చెల్లాలంటే అది సరిగ్గా పనిచేసిందని చూపించాలనే షరతును బ్రిటన్ 1999లో చేసిన చట్టంతో తీసేసింది. దాంతో యంత్రం తప్పు చేసిందని నిరూపించే భారం నిందితుల మీద పడింది. కోడ్ వాళ్ల చేతిలో ఉండదు, లాగ్‌లు వాళ్ల చేతిలో ఉండవు. లోపాల సంగతి లోపలివాళ్లకు తెలుసు. 2010లో పోస్టాఫీసు, ఫుజిత్సు ఉద్యోగులు ఒక బగ్ గురించి సమావేశమయ్యారు. పదుల సంఖ్యలో శాఖల్లో లెక్కలు తారుమారవుతున్నాయి. ఇది బయటికి పొక్కితే హొరైజన్ మీద నమ్మకం పోతుందని, నడుస్తున్న కేసుల మీద ప్రభావం పడొచ్చని ఆ సమావేశం నోట్సులో రాసుకున్నారు. అంటే, కేసుల్లో ఇరుక్కున్న మనుషులు వాళ్ల దృష్టిలో ఒక ఇబ్బందిగా మిగిలారు.

కౌంటర్‌లో కూర్చున్న మనిషికి తెలియకుండా శాఖ ఖాతాల్లో బయటినుంచి మార్పులు చేయడం సాధ్యం కాదని పోస్టాఫీసు ఏళ్ల తరబడి వాదించింది. సాధ్యమేనని, తాము చేసేవాళ్లమని బయటికొచ్చి చెప్పింది ఫుజిత్సులో 2001 నుంచి 2004 దాకా పనిచేసిన రిచర్డ్ రోల్. 2015లో బీబీసీకి, 2019లో హైకోర్టుకు ఆయన ఇదే చెప్పారు. మాజీ సబ్ పోస్ట్‌మాస్టర్ అలన్ బేట్స్ నాయకత్వంలో బాధితులు వేసిన ఆ దావాలో, హొరైజన్‌లో లోపాలున్నాయని 2019 డిసెంబరులో న్యాయమూర్తి తేల్చారు. 2024 మేలో శిక్షలను మూకుమ్మడిగా రద్దుచేస్తూ పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది. కనీసం 13 మంది ఆత్మహత్యలకు ఈ వ్యవహారం కారణమై ఉండొచ్చని విచారణ సంఘం 2025 జులైలో రాసింది. ఆ సాంకేతిక బృందాల్లోంచి ఇంకో పదిమంది, పదేళ్ల ముందు నోరు విప్పి ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవో!

పేరు దగ్గరగా ఉంటే చాలా?

ఇలాంటి పొరపాట్లు పరాయి దేశాల్లోనే జరుగుతాయని అనుకోవద్దు. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అనే వ్యవస్థను వాడింది. వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, ఒక మనిషికి ఇల్లుందా, కారుందా, వేరే ఆదాయముందా అని పోల్చి చూస్తుంది. అన్ని రికార్డుల్లో ఆధార్ నంబరు ఉండదు కాబట్టి పేరు, చిరునామా లాంటి వివరాల దగ్గరితనాన్ని లెక్కేస్తుంది. 2014-2019 మధ్య రాష్ట్రంలో రద్దయిన ఆహార భద్రత కార్డులు 18 లక్షలకు పైనే. రిక్షా తొక్కుకుని బతికిన ఒకాయన కుటుంబానికి కారు ఉందని తేలింది. కారు వేరే మనిషిది, పేరు దగ్గరగా ఉంది. ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. రద్దయిన కార్డుల మీద ఇంటింటికీ వెళ్లి పరిశీలించాలని 2022లో కోర్టు ఆదేశించింది. కార్డు పోయినవాళ్లలో కొందరు అర్హులేనని ఆ పరిశీలనలో తేలింది.

అనర్హుల్ని ఏరివేయడం తప్పేమీ కాదు. పేర్ల పోలికలో పొరపాటు రావడం కూడా వింత కాదు. శ్రీనివాసరావులు, లక్ష్మీదేవులు, సయ్యద్ అలీలు లక్షల్లో ఉన్న రాష్ట్రం మనది. ఈ పని చేసే ప్రతి ఇంజినీరుకూ తెలుసు, ఎంత శాతం పోలిక ఉంటే ఇద్దరూ ఒక్కరే అనుకోవాలన్న గీత మనిషి గీసేదేనని. గీత కొంచెం కిందికి జరిపితే అర్హులు పోతారు, పైకి జరిపితే అనర్హులు మిగులుతారు. తెరమీద అది ఒక దశాంశ సంఖ్య. కింద ఒక ఇంట్లో అది పొయ్యి మీద కుండ. ఆ సంఖ్య మార్చేముందు 'పోలిక తప్పయితే వాళ్లకు నోటీసు వెళ్తుందా? అభ్యంతరం చెప్పుకునే చోటు ఉందా?' అని అడగడం సాంకేతిక పనిలో భాగమే. అది క్లయింట్ చూసుకుంటాడులే అని వదిలేయడానికి లేదు.

అజాగ్రత్తకూ మూల్యం ఉంది

2024 జులై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర చూపించి కూలబడ్డాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్‌లో, 21 వివరాలు ఆశించేచోట ప్రోగ్రాం 20 మాత్రమే ఇచ్చింది. ముందు కొన్ని కంప్యూటర్లకు పంపి, బాగుందనుకున్నాక మిగతావాటికి పంపే పద్ధతిని ఈ రకం అప్‌డేట్లకు పాటించలేదు. ఎవరి మనసులోనూ దురుద్దేశం లేదు. అయినా ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. పరీక్షించకుండా వదలడం, రివ్యూ అడిగితే చూడకుండానే అప్రూవ్ నొక్కడం, నిజమైన కస్టమర్ల డేటాను పేర్లు చెరపకుండా టెస్టింగ్‌కు వాడటం రోజూ జరిగేవే. వీటిని బద్ధకం కింద లెక్కేసి ఊరుకుంటున్నాం.

ఇప్పుడు కోడ్‌లో చాలా భాగం ఏఐ రాసిపెడుతోంది. రాత తగ్గింది, చూసి ఒప్పుకునే బాధ్యత పెరిగింది. ఏఐ ఇచ్చిందని చెప్పి తప్పుకోవడానికి కుదరదు. ప్రొడక్షన్‌లోకి పంపిన మనిషిదే పూచీ.

యజమానికా, జనానికా?

2022లో మన ఐటీ రంగం నీతి గురించి గట్టిగా మాట్లాడుకుంది. అప్పటి గొడవ మూన్‌లైటింగ్, అంటే ఒక కంపెనీలో ఉంటూనే చాటుగా ఇంకోచోట పనిచేయడం. పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. కంపెనీకి ఉద్యోగి ఎంత నిజాయతీగా ఉండాలన్నదే ఆ చర్చంతా. జనానికి ఎంత నిజాయతీగా ఉండాలన్న చర్చ ఆ స్థాయిలో ఎన్నడూ జరగలేదు.

డాక్టరు తప్పు చేస్తే మెడికల్ కౌన్సిల్ ఉంది, లాయరుకు బార్ కౌన్సిల్ ఉంది, చార్టర్డ్ అకౌంటెంటుకు ఐసీఏఐ ఉంది. లైసెన్సు పోతుందన్న భయం వాళ్లకు ఒక రక్షణ కూడా. యజమాని తప్పు పని చెప్పినప్పుడు 'ఇది చేస్తే నా లైసెన్సు పోతుంది సార్' అని తప్పుకోవడానికి ఒక ఆసరా. సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు మన దేశంలో అలాంటి మండలీ లేదు, లైసెన్సూ లేదు. నియమావళులు మాత్రం ఉన్నాయి. కంప్యూటర్ నిపుణుల సంఘాలైన ఏసీఎం, ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ కలిసి 1999లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు ఎనిమిది సూత్రాల నియమావళి తెచ్చాయి. అందులో మొదటి స్థానం ప్రజాహితానిది. క్లయింటు, యజమాని రెండోస్థానంలో ఉంటారు, అదీ ప్రజాహితానికి లోబడి. ఏసీఎం తన నియమావళిని 2018లో కొత్త కాలానికి తగ్గట్టు తిరగరాసింది. 1965లో పుట్టిన కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియాకూ తన నియమావళి ఉంది. మాదాపూర్‌లోనో, రుషికొండలోనో చేరే కుర్రాడికి ఉద్యోగంలో చేరిన రోజు సంతకం చేయించే కాగితాల దొంతరలో ఇవి ఉండవు. కంపెనీ రహస్యాలు కాపాడే ఒప్పందం మాత్రం తప్పకుండా ఉంటుంది.

'కాదు' అనడానికి అయ్యే ఖర్చు

ఉద్యోగుల్నే నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. 'ఇది నేను చేయను' అనడానికి ఖర్చవుతుంది. ఇంటి ఈఎంఐ ఉంటుంది, చెల్లి పెళ్లి ఉంటుంది, ప్రాజెక్టు లేక బెంచ్ మీద పడతామన్న భయం ఉంటుంది. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ల పరిస్థితి మరీ ఇరుకు. ఉద్యోగం పోతే దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఆలోగా కొత్త కంపెనీ దొరకాలి, లేదా వీసా హోదా మార్చుకోవాలి, కాదంటే తిరుగు ప్రయాణం. పిల్లల బడి, కారు లోన్, లీజు అన్నీ ఆ 60 రోజులకు వేలాడుతుంటాయి. అలాంటి మనిషిని ధైర్యం చేయమని సలహా ఇవ్వడం తేలిక.

ఈ భయానికి మనమే కలిపిన ఇంకో బరువు ఉంది. ఫేక్ ఎక్స్‌పీరియన్స్. లేని కంపెనీలో మూడేళ్లు చేసినట్టు కాగితాలు, ఒకరి బదులు ఇంకొకరు కూర్చునే ప్రాక్సీ ఇంటర్వ్యూలు. అందరూ పెట్టుకుంటున్నారు కదా అని మన ఇళ్లలోనే నచ్చజెప్పుకుంటున్నాం. నిజంగా కష్టపడినవాడి సీటు పోవడం ఒక నష్టం. రెండో నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. దొంగ కాగితంతో లోపలికి వచ్చినవాడు జీవితాంతం తలొంచుకునే ఉండాలి. రేపు మేనేజర్ ఒక తప్పు పని చెప్తే వాడు ఎదురుచెప్పలేడు, ఎందుకంటే తన ఫైలు తవ్వితే ఏం బయటపడుతుందో వాడికి తెలుసు. పిల్లలకు ఫేక్ పెట్టించే తల్లిదండ్రులు, అన్నలు, కన్సల్టెన్సీలు వాళ్ల చేతిలోంచి 'కాదు' అనే హక్కును లాగేసుకుంటున్నారు.

చట్టం అండ కూడా పలుచనే. అవినీతిని బయటపెట్టేవారి కోసం 2014లో చేసిన చట్టం ఇంకా అమల్లోకి రాలేదు, వచ్చినా అది ప్రభుత్వ రంగానికే. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల్లో ఫిర్యాదు యంత్రాంగం ఉండాలంటోంది. చిన్న స్టార్టప్‌లో పనిచేసేవాళ్లకు అదీ లేదు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 250 కోట్ల దాకా జరిమానా పెట్టింది, కానీ ఆ బాధ్యత కంపెనీది. ఐటీ చట్టంలోని 72ఏ సెక్షన్ మాత్రం మనిషినే పట్టుకుంటుంది. పనిలో భాగంగా చేతికొచ్చిన వ్యక్తిగత వివరాలను స్వార్థానికో, హాని చేయడానికో బయటపెడితే మూడేళ్ల దాకా జైలు.

రేపు ఆఫీసులో చేయగలిగినవి

* నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని మర్యాదగా మెయిల్లో పెట్టండి. 'మీరు చెప్పినట్టు ఈ బగ్ తీవ్రత తగ్గిస్తున్నాను, దీనివల్ల కస్టమర్ ఖాతాలో రెండుసార్లు డబ్బు కోసుకునే అవకాశం ఉంది, దయచేసి నిర్ధారించండి' అని రాస్తే చాలు. చాలా తప్పుడు ఆదేశాలు అక్కడే వెనక్కి తగ్గుతాయి.
* ఒంటరిగా అడ్డం తిరగకండి. టీమ్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే అది ఒకరి మొండితనంగా కనిపించదు.
* వద్దని మాత్రమే చెప్పకుండా, ఇంకో దారి చూపండి. కాంటాక్టులు మొత్తం తీసుకునే బదులు, అప్పు తీసుకునేవారే ఇష్టపడి ఇచ్చే రెండు నంబర్లు సరిపోతాయని చెప్పొచ్చు.
* క్లయింటు డేటా, కోడ్ సొంత మెయిల్‌కు పంపుకోవద్దు, బయటి ఏఐ టూల్స్‌లో పెట్టొద్దు. తప్పును బయటపెట్టాలనుకున్నా, ముందు కంపెనీలో ఫిర్యాదు చేసే దారి చూడండి, ఆ తర్వాత లాయరును కలవండి.
* చూడనిదానికి అప్రూవ్ నొక్కొద్దు. ఆ క్లిక్ మీ సంతకం.

ఎవరు ఏం చేయాలి

కాలేజీలతో మొదలుపెట్టాలి. వృత్తి నీతి, మానవ విలువల పేరుతో ఇంజినీరింగ్‌లో సబ్జెక్టు ఉంది. పరీక్ష ముందు రాత్రి చదివి పాసయ్యే సబ్జెక్టుగా అది మిగిలిపోయింది. అక్కడ సత్యం కేసులో సూపర్ యూజర్ గురించి, హొరైజన్ బగ్ గురించి, మన లోన్ యాప్‌ల గురించి డేటాబేస్ పాఠంతో పాటే చెప్పాలి. ఇంజినీర్లను తయారుచేయడంలో ఇన్నేళ్ల అనుభవమున్న తెలుగు నేల ఈ పని ముందుగా చేస్తే దేశమంతా చూసి నేర్చుకుంటుంది. తీవ్రమైన బగ్‌ను కప్పిపుచ్చకుండా బయటపెట్టినందుకు కంపెనీలు అప్రైజల్‌లో మార్కులివ్వాలి. గో-లైవ్ తేదీ వెనక్కి జరిగినందుకు టీమ్‌ను శిక్షించడం మానాలి. ప్రైవేటు రంగంలో తప్పును బయటపెట్టేవారికి రక్షణనిచ్చే చట్టం రావాలి. ప్రభుత్వాలు పౌరుల మీద వాడే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ బయటి నిపుణుల తనిఖీ ఉండాలి.

ఇవన్నీ జరిగేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. లోన్ యాప్ బాధితులు, వెస్ట్ బైఫ్లీట్ పోస్ట్‌మాస్టర్, బియ్యం ఆగిన రిక్షా కార్మికుడి ఇల్లు, వీళ్లందరి కథల్లో రెండు లోపాలు ఉమ్మడిగా కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎవర్ని దెబ్బతీయగలదో ముందుగా ఎవరూ రాసిపెట్టలేదు. దెబ్బ తగిలాక వాళ్ల మొర వినే మనిషిని ఎవరూ ఏర్పాటు చేయలేదు. కాబట్టి ఏ ప్రాజెక్టులో ఉన్నా, ఏ హోదాలో ఉన్నా, మొదటి డిజైన్ డాక్యుమెంటులోనే రెండు ప్రశ్నలు పెట్టించండి. ఇది పొరబడితే ఎవరు నష్టపోతారు? నష్టపోయినవాళ్లు ఏ మనిషితో మాట్లాడాలి? ఈ రెండింటికీ పేర్లతో సహా జవాబు రాసేదాకా సైన్ ఆఫ్ ఇవ్వకండి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, పైవాళ్ల అనుమతి అక్కర్లేదు. సంతకం పెట్టే చేయి కాసేపు ఆగితే చాలు.